కుళాయికి బిగించిన మోటారు



గత శ్రావణమాసంలో ఒక సాయంకాలం, మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకొని జీవించే యువకుడు తన భార్యను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆమెకు ఎనిమిదవ నెల. కళ్లు బాగా పచ్చబడి ఉన్నాయి. పది దినాలుగా అన్నం సహించడం లేదని, వాంతులవుతున్నాయని, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నదని చెప్పారు. అప్పటికే ఎవరో చెప్పగా పొరుగూరు వెళ్లి కామెర్లకు పసరు పోయించుకొని వచ్చారు. ఉప్పు, నూనె మాని పథ్యం కూడ చేస్తున్నారు. "పసరు పడింది గదా డాక్టరుగారూ, ఇంకెన్నాళ్లకు తగ్గుతుంది?" అని అతడు అడిగాడు. ఆమె మాటలో తడబాటు కనిపించింది. చేతులు చాపమంటే వణుకుతున్నాయి. కాలేయం పూర్తిగా దెబ్బతింటున్నదనడానికి అవి గుర్తులు. వెంటనే ఆటో పిలిపించి, చీటీ రాసి ఇచ్చి, పెద్దాసుపత్రికి పంపాను. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ కుటుంబం మంచినీళ్లు పట్టుకొనేది మా వరుసలోని చివరి కుళాయి వద్ద. అదే గొట్టానికి మోటారు బిగించి నీరు లాగుకొనే ఇళ్లు తొమ్మిది ఉన్నాయని తరువాత లెక్క తేలింది. ఆ తొమ్మిదింటిలో ఒకటి మా ఇల్లు.

ఆమెకు వ్యాధి మా మోటారు వల్లనే వచ్చిందని నేను రుజువు చేయలేను. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా ఊరూరా తిరిగి నీటి శుభ్రత గురించి ఉపన్యసించినవాడిని, పదవీ విరమణ చేసి ఇల్లు కట్టుకొన్నాక నా గుమ్మంలో ఏం జరుగుతున్నదో చూడలేదు. మేస్త్రీ బిగించమన్నాడు, బిగించాను. అందరూ బిగించుకొన్నారు గదా అనుకొన్నాను. ఈ వ్యాసం ఆ తప్పును ఒప్పుకొనడానికీ, మీ వీధిలో అది జరగకుండా చూడమని కోరడానికీ రాస్తున్నాను.

గొట్టంలో జరిగేదేమిటి?

మన నగరాలలో చాలా పేటలకు మంచినీరు రోజంతా రాదు. ఉదయం ఒక గంటో, సాయంత్రం అరగంటో, కొన్నిచోట్ల రోజు విడిచి రోజో వస్తుంది. మిగిలిన కాలమంతా గొట్టాలు ఖాళీగా ఉంటాయి. వీధిలోని ప్రధాన గొట్టం నుండి మన ఇంటికి వచ్చే సన్నని గొట్టం చాలాచోట్ల మురుగు కాలువను దాటుకొనో, కాలువలోనే మునిగియో వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇనుప గొట్టానికి తుప్పు పట్టి చిల్లులు పడతాయి. అతుకుల వద్ద వదులవుతుంది.

గొట్టంలో నీరు ఒత్తిడితో ప్రవహిస్తున్నంతసేపు ఆ చిల్లుల నుండి మంచినీరు బయటికి కారుతుందే గాని మురుగు లోనికి రాదు. నీటి సరఫరా ఆగగానే పరిస్థితి తలకిందులవుతుంది. చుట్టూ నిలిచిన మురుగు మెల్లగా గొట్టంలోకి ఊరుతుంది. మరునాడు నీళ్లు వదిలినప్పుడు మొదట కుళాయిలోకి వచ్చేది అదే. "తొలినీళ్లు వాసన వేస్తున్నాయి, కాసేపు వదిలేస్తే తేటపడతాయి" అని గృహిణులు అనడం మీరు వినే ఉంటారు. వాసన పోయినంత మాత్రాన క్రిములు పోవు.

ఇక మోటారు సంగతి. గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగినప్పుడు, నీళ్లు వచ్చే ఆ గంటలో కూడ గొట్టంలోని ఒత్తిడి పడిపోతుంది. ఒకే వరుసలో అనేక మోటార్లు ఒకేసారి లాగితే గొట్టం పీల్చుడు గొట్టంగా మారుతుంది. చిల్లు ఎక్కడ ఉంటే అక్కడి నుండి మురుగును లోనికి గుంజుతుంది. ముందరి ఇళ్లవారు నీటిని లాగుకొంటారు. మోటారు కొనలేని చివరి కుళాయివారికి మిగిలేది సన్నని ధార, అందులో కలిసిన మురుగు.

ఆలస్యంగా బయటపడే జబ్బులు

మురుగు కలిసిన నీటి వల్ల కలరా సోకితే కొన్ని గంటల నుండి అయిదు రోజులలోపు బయటపడుతుంది. వీధి అంతటా ఒకేసారి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పత్రికలలో వస్తుంది, అధికారులు వస్తారు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ కలుషిత జలం వల్ల జనం గుంపులుగా ఆసుపత్రుల పాలైన సంగతి మీకు జ్ఞాపకం ఉండవచ్చు. పలువురు ప్రాణాలు కోల్పోయారు.

టైఫాయిడు బయటపడడానికి సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలు పడుతుంది. నీటి ద్వారా సోకే కామెర్లు రెండు రకాలు, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ. ఇవి బయటపడడానికి సగటున నెల, నెలన్నర పడుతుంది. అప్పటికి వాన వెలిసిపోతుంది, కాలువ ఎండిపోతుంది, గొట్టానికి ఎవరో అతుకు వేసి ఉంటారు. కళ్లు పచ్చబడినవాడు నిన్న తిన్న బజ్జీని తప్పుపడతాడే గాని, నెల క్రితం తాగిన నీటిని తలచుకోడు. అందువల్లనే ఈ జబ్బుకు కారణం దొరకదు, దొరకనందువల్ల ఎవరికీ బాధ్యత ఉండదు.

ఇందులో హెపటైటిస్ ఇ సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. మామూలు ఆరోగ్యవంతులలో ఇది చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. పసరు మందులకు పేరు వచ్చింది ఆ కారణం చేతనే. పసరు పోసినా, పోయకపోయినా తగ్గే జబ్బును పసరు తగ్గించిందని నమ్ముతున్నాం. గర్భిణులలో మాత్రం, ముఖ్యంగా చివరి మూడు నెలలలో, ఇది సోకినవారిలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించే ప్రమాదం ఉన్నది. కాబట్టి గర్భిణికి కళ్లు పచ్చబడితే పసరు కోసం ఒక్క రోజు కూడ పోగొట్టకండి. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లండి.

1955 నవంబరులో ఢిల్లీ నగరంలో యమునా జలంలోకి మురుగు చేరి, కొద్ది వారాలలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఆ జబ్బు హెపటైటిస్ ఇ అని చాలా ఏళ్ల తరువాత గాని తేలలేదు. నీటిలో మురుగు కలుస్తున్నదని గ్రహించి అధికారులు అప్పుడు క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడు, విరేచనాలు పెరగలేదు గాని కామెర్లు ఆగలేదు. బ్లీచింగ్ పౌడరు ఎంతో ఉపకారి. అయితే మురుగును లోనికి రానిచ్చి, ఆపైన పౌడరు చల్లితే సరిపోతుందనుకొనడం ప్రమాదకరమని ఆ అనుభవం మనకు నేర్పింది.

శుద్ధియంత్రం మన నోరు మూయించింది

నా చిన్నతనంలో వీధి కుళాయి వద్ద మురుగు వాసన వస్తే, మధ్యాహ్నానికల్లా పదిమంది కలిసి మునిసిపాలిటీకి వెళ్లేవారు. ప్లీడరుగారి ఇంటివారూ, రిక్షా తొక్కేవాని ఇంటివారూ ఒకే కుళాయి నీళ్లు తాగేవారు గనుక అది అందరి సమస్యగా ఉండేది. ఇప్పుడు మనకు ఇంట్లో నీటిశుద్ధి యంత్రం ఉన్నది. లేదా ఇరవై లీటర్ల డబ్బా ఇంటికి వస్తుంది. కుళాయిలో ఏ నీరు వచ్చినా మన పిల్లలకు ఇబ్బంది లేదు. కావున మనం అడగడం మానేశాము.

శుద్ధియంత్రాలు వద్దని నేను చెప్పడం లేదు. మా ఇంట్లోనూ ఉన్నది. అయితే పేటలో నలుగురూ ఎవరి మాట వింటారో, ఎవరి సంతకానికి విలువ ఉన్నదో, వారే ఈ సమస్య నుండి తప్పుకొన్నారు. మిగిలినవారు మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఇంటిపని చేసే అమ్మాయి, ఇస్త్రీ బండి యువకుడు. వారు మన వీధిలోనే నివసిస్తారు, మన గొట్టంలో నీళ్లే తాగుతారు. పైగా మనం కూడ పూర్తిగా తప్పుకొనలేదు. పళ్లు తోముకొనే నీళ్లు, కూరగాయలు కడిగే నీళ్లు, మనుమడు స్నానం చేస్తూ మింగే నీళ్లు యంత్రం నుండి రావు గదా!

సంఘం సమావేశంలో

ఆ సంఘటన తరువాత ఈ విషయం మా కాలనీ సంఘం సమావేశంలో లేవనెత్తాను. అంతవరకు మా సమావేశాలలో ప్రధాన చర్చ కార్లు నిలిపే స్థలం గురించీ, వినాయక చవితి చందాల గురించీ. ముందుగా మా ఇంటి మోటారు తీసివేశానని చెప్పి, మిగిలినవారిని తీయమని కోరాను.

ఒక పొరుగాయన లేచి, "డాక్టరుగారూ, మీది ముందు వరుస. మీకు మోటారు లేకున్నా నీళ్లెక్కుతాయి. మాది చివర. పక్కవాళ్లు లాగుతుంటే మేము మాత్రం తీసేస్తే చుక్క రాదు. మంచితనానికి పోయి ట్యాంకరు కొనుక్కోమంటారా?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఒక్కరు తీసి లాభం లేదు. ఒక వరుసలోని వారందరూ ఒకే రోజున తీస్తే గొట్టంలో ఒత్తిడి నిలిచి చివరి ఇంటి వరకు నీరు చేరే అవకాశం పెరుగుతుంది. అప్పటికీ నీరు మేడ మీది ట్యాంకుకు ఎక్కదు. నేల మట్టానికి దిగువన సంపు కట్టుకొని, కుళాయి నీటిని దానిలోకి తనంతట తాను పడనివ్వాలి. సంపు నుండి మేడ మీదికి మోటారుతో ఎక్కించుకోవచ్చు. మోటారు ఉండడం తప్పు కాదు, దానిని వీధి గొట్టానికి బిగించడం తప్పు. ఈ తేడా చెప్పిన తరువాత చాలామంది మెత్తబడ్డారు.

ఈనాటికి తొమ్మిదింటిలో ఆరు మోటార్లు తీశారు. మూడు మిగిలి ఉన్నాయి. చివరి కుళాయిలో ధార మునుపటికంటె కొంత మెరుగుపడింది. కాలువలో మునిగి ఉన్న గొట్టాలను పైకెత్తించడానికి అర్జీ పెట్టాము. సగం పని అయింది, సగం కావలసి ఉన్నది.

మీరు చేయవలసినవి

1. నీళ్లు వచ్చే వేళ ఒకసారి బయటికి వచ్చి, మీ ఇంటి గొట్టం ఏ దారిన వస్తున్నదో చూడండి. కాలువలో మునిగి ఉంటే పైకెత్తించండి, తుప్పు పట్టి ఉంటే మార్పించండి. మీ ఇంటికి వచ్చే గొట్టం బాగోగులు చాలావరకు మీ బాధ్యతే.

2. వరుసలోని ఇళ్లవారందరూ కూర్చొని, వీధి గొట్టానికి బిగించిన మోటార్లను ఒకే రోజున తీయండి. సంపు కట్టుకొనలేనివారికి మిగిలినవారు సహాయం చేయండి.

3. మన జాతీయ ప్రమాణం ప్రకారం కుళాయి నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. సిబ్బంది పరీక్షకు వచ్చినప్పుడు ట్యాంకు వద్ద గాక, వీధిలోని చివరి కుళాయి వద్ద చూడమని కోరండి. ఆ అంకెను మీ పుస్తకంలో రాసుకోండి.

4. సంపును మూడు నెలలకొకసారి కడిగించండి. తేట నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కావాలి. చిన్న గిన్నెలో నీటితో కలిపి, సున్నం అడుగున దిగిన తరువాత పై తేటను మాత్రమే సంపులో పోసి, కనీసం అరగంట ఆగండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో బలం ఉండదు.

5. అనుమానం కలిగితే తాగే నీటిని తెర్లే వరకు కాచి, ఆపైన ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చండి. యంత్రం లేనివారికి ఇంతకన్న మేలైన ఉపాయం లేదు.

6. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీటిలో కలిపి వెంటనే తాగించండి. పొట్లం లేకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలపండి. మూత్రం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా, ఆసుపత్రికి వెళ్లడానికి ఆలస్యం చేయరాదు.

7. వీధికి ఒక పుస్తకం పెట్టండి. ఎవరికి ఏ తేదీన విరేచనాలు, జ్వరం, కామెర్లు వచ్చాయో, వారు ఏ కుళాయి నీళ్లు తాగుతారో రాయండి. 1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు సంభవించిన ఇళ్లను ఒకటొకటిగా విచారించి, వాటన్నిటికీ మూలం బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు అని చూపించాడు. ఆ పంపు పిడిని తీసివేయించారు. కలరా క్రిమిని శాస్త్రజ్ఞులు గుర్తించి అంగీకరించినది ఆ తరువాత ఎన్నో ఏళ్లకు. ఆయన చేసిన పనిలో ముఖ్యభాగం ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకొనడమే. అది మన సంఘాలూ చేయగలవు.

గొట్టాలను మార్చవలసినదీ, ఒత్తిడితో నీరు ఇవ్వవలసినదీ, క్లోరిన్ చూడవలసినదీ నగరపాలనే. ఆ బాధ్యత నుండి వారిని నేను తప్పించడం లేదు. అయితే మన చేతిలో ఉన్న పని మనం చేసి అర్జీ పట్టుకొని వెళితే, "ముందు మీ మోటార్లు తీయండి" అనే మాట మనకు ఎదురుకాదు.

ఇస్త్రీ బండి యువకుడు ఇప్పటికీ మా వీధి మలుపులోనే ఉన్నాడు. ఉదయం నీళ్లు వచ్చే వేళ అతని భార్య బిందె తీసుకొని చివరి కుళాయి వద్ద నిలబడుతుంది. మిగిలిన మూడు మోటార్లలో ఒకటి నడిచినప్పుడల్లా ఆ ధార సన్నబడడం మా వరండాలో నుంచే కనిపిస్తుంది. వచ్చే ఆదివారం ఆ మూడు ఇళ్లకు మళ్లీ వెళుతున్నాను. మీ వీధిలో అటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో మీది ఉన్నదో లేదో రేపు ఉదయం ఒకసారి చూడవలసిందిగా ప్రార్థన.