మన చేతి కొలతకు ఒక గొడ్డలి

మన భాషలో గొడ్డలికి మంచిపేరు లేదు. పెద్ద నష్టం జరిగితే 'గొడ్డలిపెట్టు' అంటాం. చిన్న పనిని పెద్దది చేసుకునేవాళ్లను చూసి 'గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు' అంటాం. పురాణంలోకి వెళ్తే పరశురాముడి గొడ్డలి పడింది కన్నతల్లి మెడ మీదనే. ఆ తల్లినే రేణుక ఎల్లమ్మగా ఊరూరా కొలుచుకుంటున్నాం. ఇన్ని విన్నాక 'ఆడోళ్లు గొడ్డలి పట్టొద్దు' అనే మాట పుట్టడంలో వింత లేదు.

వింతంతా పనిలో ఉంది. మా మల్దకల్ వైపు గ్యాసు వచ్చినా పెరట్లో నీళ్ల పొయ్యి పోలేదు. దానికి కావలసిన సర్కారు తుమ్మ కట్టెలు సన్నగా చీల్చేది ఎక్కువగా మనమే. తిమ్మప్ప జాతరకో, కార్తీకంలో వనభోజనాలకో పోతే చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండేదీ మనమే. కొడవలి పట్టొచ్చు, కత్తిపీట పట్టొచ్చు, రోకలి ఎత్తొచ్చు. గొడ్డలి దగ్గరికి వచ్చేసరికే అభ్యంతరం. అందుకే ఇంట్లో ఉన్న ఒక్క గొడ్డలీ మగవాళ్ల బలానికి, మగవాళ్ల చేతికి తగ్గట్టే ఉంటుంది. దాన్ని ఎత్తి ఎత్తి భుజం నొప్పి పట్టినా, 'వయసు' అని సర్దుకుంటాం తప్ప పనిముట్టును తప్పు పట్టం.

నేను కిందటేడు పక్క ఊరి కొలిమికి పోయి నా కోసం ఒక చిన్న గొడ్డలి చేయించుకున్నాను. మా అత్తమ్మ 'అంగట్ల దొరకవా, కొలిమికి పోవాల్నా?' అన్నది. అంగడి గొడ్డలి నా చెయ్యి చూడదు కదా! కమ్మరాయన మొదట చూసింది నా చెయ్యే. పాత లారీ కమాను పట్టీ ముక్క తీసుకుని ఎర్రగా కాల్చి సాగదీశాడు. కామ దూరేందుకు కన్ను పెట్టాడు. మళ్లీ కాల్చి, అంచు మాత్రమే నీళ్లలో ముంచి తీశాడు. వెనక మిగిలిన వేడి అంచుకు పాకి, అది ఎండుగడ్డి రంగుకు తిరిగేదాకా చూసి, అప్పుడు పూర్తిగా చల్లార్చాడు. మరీ గట్టిపడితే అంచు పెళుసై పెచ్చులూడుతుందట. మెత్తబడితే పదును నిలవదట. తుమ్మ కామ నా మూరెడు పొడవు. చెయ్యి జారకుండా చివర కొంచెం లావుగా చెక్కించాం.

ఇంకో మాట చెప్పాలి. ఆయన పట్టుకారుతో పట్టుకుంటే సమ్మెట కొట్టింది ఆయన భార్య. గొడ్డలిని పుట్టించడానికి పనికొచ్చిన ఆడచెయ్యి, దాన్ని పట్టుకోవడానికి పనికిరాదా?

చేయించుకునేవాళ్లకు నాలుగు మాటలు. కట్టెను నేల మీద కాదు, మొద్దు మీద పెట్టండి. గొడ్డలి ఎత్తి వేయక్కర్లేదు. అంచును కట్టె మీద ఆనించి, రెండింటినీ కలిపి మొద్దుకు కొడితే చిన్న కట్టె దానంతటదే చీలుతుంది. కూర్చుని చేసే పనిలో అంచు మన కాలి వైపు రాకూడదు, పిల్లలు దగ్గర ఉండకూడదు. ఎండాకాలం కామ ఎండి వదులవుతుంది. కన్నులోకి చెక్క చీలిక దిగ్గొట్టాకే వాడండి. జాతరలో డేరాకు చెక్క మేకులు చెక్కడానికీ ఇది చాలు. పచ్చని చెట్టు మీదికి మాత్రం తీసుకుపోవద్దు.

'గ్యాసున్న కాలంలో ఈ మోజేంది?' అనేవాళ్లకు నా జవాబు ఒకటే. పని మన నెత్తిన ఉన్నంతకాలం, ఆ పనికి తగ్గ పనిముట్టు అడగడం మోజు కాదు.

ఇది కమ్మరికీ అవసరమే. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కు పర్షియా దాకా పోయి కత్తులైందని చరిత్ర చెబుతుంది. ఈరోజు నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక కొలిమికి పని తగ్గింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. మంచిదే. కానీ అప్పు ఇచ్చే ప్రభుత్వం గిరాకీని ఇవ్వలేదు. అది ఇవ్వగలిగింది మనం. కత్తిపీట, కొడవలి, తవ్వుకోల, గొడ్డలి, ఏదైనా సరే, మన చేతి కొలతకు చేసి ఇమ్మని ఊరికి నలుగురం అడిగితే ఆ పొయ్యి ఆరదు.

చీరకు జాకెట్టు కుట్టించడానికి కొలతలు ఇస్తాం, గాజులకు సైజు చెబుతాం. ఒళ్లు హూనం చేసే పనిముట్టుకే కొలత అడగం. ఇకనైనా అడుగుదాం.