వెచ్చని నురుగు విలాసమా?

విద్య, నైతికత, జాతీయ సమైక్యత వంటి గంభీర విషయాల నడుమ గడ్డం గీసుకొనే నురుగును గూర్చి వ్రాయబూనడం కొందరికి నవ్వు పుట్టించవచ్చును. అయినా చన్నీటితో, అరిగిన బ్లేడుతో, గంట మ్రోగుతుందన్న తొందరలో ముఖాలు కోసుకొని తరగతికి వచ్చే వసతిగృహ విద్యార్థులను చూచినవారు ఇది స్వల్ప విషయమని అనరు. గడ్డం పూర్తిగా తీసుకొనే వారికే కాక, గడ్డం పెంచుకొని బుగ్గలమీద, మెడమీద అంచులు దిద్దుకొనే వారికి కూడా ఇది సంబంధించినదే. నురుగును వెచ్చగా నిలిపే పింగాణి పాత్రను చాలామంది సోకు సామగ్రిగా భావిస్తారు. పాత్ర సోకైనదే కావచ్చును గాని, అందులోని సూత్రం అవసరమైనదనీ, అది మన వసతిగృహంలోనికి కూడా రావలెననీ నా అభిప్రాయం.

ఈ పాత్రను ఆంగ్లేయులు స్కటిల్ అంటారు. బొగ్గులు పోసుకొనే వెడల్పు మూతి బకెట్టుకు ఆ పేరు ఉన్నది. పోలికనుబట్టి దీనికీ అదే పేరు వచ్చింది. మన కొమ్ముచెంబును, ఉర్దూ మాట్లాడే ఇళ్లలోని బద్నాను ఎరిగినవారికి దీని ఆకారం కొత్త కాదు. కొమ్ము మాత్రం బ్రష్షు పట్టేంత వెడల్పుగా ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటన్‌లోను అమెరికాలోను చాలా ఇళ్లలో వేడినీటి కుళాయి లేదు. వంటింటినుంచి కూజాతో తెచ్చిన నీరు చల్లారకముందే క్షౌరం ముగియవలెను. అందుచేత పాత్ర కడుపులో వేడినీరు, పైన చిల్లుల పళ్లెంలో సబ్బు, ప్రక్కన బ్రష్షు ముంచుకొనే కొమ్ము ఏర్పరచారు. అమెరికా క్షౌరశాలలలో ఖాతాదారుల పేర్లు బంగారు అక్షరాలతో వ్రాసిన పింగాణి మగ్గులు బీరువాలలో వరుసగా ఉండేవి. జిల్లెట్ సేఫ్టీ రేజరుకు 1904లో పేటెంటు లభించిన తరువాత ఇంటివద్ద క్షౌరం పెరిగింది, 1950 ప్రాంతంనుంచి డబ్బా నొక్కితే వచ్చే నురుగు వచ్చింది, పాత్ర మూలపడింది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలనుంచి కెనడాలోని నోవాస్కోషియా, అమెరికాలోని మేన్ వంటి చోట్ల చేతితో కుండలు చేసేవారు దానిని కొత్త రూపంలో మరల తెచ్చారు. ఈ కొత్త పాత్రకు రెండు గోడలుంటాయి. గోడల నడుమ వేడినీరు, లోపలి గిన్నెలో నురుగు.

వెచ్చదనం ఎందుకు? నీటిని పీల్చిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. దానిని కోయడానికి కావలసిన బలం తగ్గుతుంది. వేడినీరు తగిలితే ఈ మార్పు రెండు మూడు నిమిషాలలోనే జరుగుతుంది. వెంట్రుకను తక్కువగా అంచనా వేయరాదు. దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా ఉక్కు బ్లేడు అంచున సూక్ష్మమైన పెచ్చులు లేపగలదని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2020లో వెల్లడించారు. అంచు చెడిన బ్లేడును మెత్తబడని గడ్డంమీద నొక్కితే చివరకు నష్టపోయేది చర్మమే.

నురుగులో అధికభాగం గాలి. కాబట్టి అది వేడిని ఎక్కువసేపు దాచుకొనలేదు. మామూలు కప్పులో తీసిన నురుగు రెండవమారు పూసుకొనే వేళకే చల్లారుతుంది. చుట్టూ వేడినీరున్న గిన్నెలో అది చివరివరకు వెచ్చగా ఉంటుంది. ఇంత చిన్న సూత్రమే ఈ పాత్రకు ప్రాణం.

ఎంచుకొనేటప్పుడు రంగులు, పూలు చూచి మోసపోరాదు. లోపలి గిన్నె బ్రష్షు సులువుగా తిరిగేంత వెడల్పు ఉండవలెను, నాలుగంగుళాలు చాలును. గిన్నె అడుగున గీతలో మెట్లో ఉంటే నురుగు త్వరగా లేస్తుంది. అడుగు వెడల్పుగా, పిడి తడిచేతికి జారకుండా ఉండవలెను. మెరుగుపూతలో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నదానిని తీసుకొనరాదు. వాటిలో తేమ, మురికి చేరుతాయి. కొమ్ము ఇరుకైతే లోపల శుభ్రం చేయడం కష్టం. మన బోరునీరు తరచు కఠినజలం గనుక గోడల నడుమ సున్నపు పొర కడుతుంది. అప్పుడప్పుడు నిమ్మరసం కలిపిన నీరు పోసి ఉంచితే అది కరుగుతుంది.

వాడకంలో ముఖ్యమైన నియమం, పాత్రను ముందుగా వెచ్చచేయడం. భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. 700 గ్రాముల పింగాణి పాత్ర 20 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందాము. అందులో 90 డిగ్రీల నీరు 250 మిల్లీలీటర్లు పోస్తే, పింగాణి విశిష్టోష్ణం గ్రాముకు 0.9 జౌళ్లు, నీటిది 4.18 జౌళ్లు అని తీసుకొంటే, రెండూ దాదాపు 64 డిగ్రీల వద్ద సమానమవుతాయి. పాత్రను ముందే 50 డిగ్రీలకు వెచ్చచేస్తే అదే నీరు 75 డిగ్రీల వద్ద నిలుస్తుంది. చల్లని పింగాణిలో మరిగే నీరు ఒక్కసారిగా పోస్తే అది పగలవచ్చును గనుక కూడా మొదట గోరువెచ్చని నీరే పోయవలెను. ఆ నీటిని పారబోయక ముఖం తడుపుకొనడానికి వాడుకొనవచ్చును. నురుగును ముఖానికి పూసే ముందు మణికట్టుమీద వేసి చూడవలెను. వెచ్చదనం హాయిగా ఉండవలెనే గాని చురుక్కుమనరాదు. పని ముగిసిన వెంటనే నీరు వంపి, పాత్రను బోర్లించి ఆరబెట్టవలెను.

బ్రష్షును గూర్చి ఒక మాట. పూర్వాచారం ప్రకారం వీటిని పంది వెంట్రుకలతోగాని, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతోగాని చేస్తారు. మతనియమం పాటించే విద్యార్థులు కొనేముందు అడిగి తెలుసుకొనవలెను. కృత్రిమ తంతువుల బ్రష్షు సందేహరహితం, త్వరగా ఆరుతుంది కూడా. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సరిగా శుద్ధిచేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల బ్రిటన్, అమెరికా సైనికులకు ఆంత్రాక్స్ సోకిన ఉదంతం ఉన్నది. నేడు ఆ భయం లేకపోయినా, ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు. బ్లేడు విషయంలో ఈ నియమం మరీ కఠినంగా ఉండవలెను. రక్తం ద్వారా హెపటైటిస్ బి, సి వ్యాధులు సంక్రమిస్తాయి.

ఇంత ఖర్చు పేద విద్యార్థికి తగునా అని అడుగవచ్చును. తగదనే నేనూ అంటాను. దూరదేశపు పాత్రను తెప్పించుకొనడం అనవసరం. వేడినీరు పోసిన స్టీలు గిన్నెలో, తేలిపోనంత బరువైన చిన్న పింగాణి గిన్నెను నిలిపితే పని జరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పట్టణపు పింగాణి గిన్నెలు మన అంగళ్లకు వస్తూనే ఉన్నవి. సూత్రం తెలిసినవానికి సాధనం దొరకకపోదు.

దొరకనిది వేడినీరు. రెండు గిన్నెలున్నా, నాలుగున్నా, కుళాయిలో చన్నీరే వచ్చినప్పుడు ప్రయోజనం లేదు. విద్యార్థులు గదులలో చాటుగా విద్యుత్తు కడ్డీలతో నీరు కాచుకొంటే ప్రాణాపాయం. కనుక కళాశాల కమిటీవారికి నా మనవి: చలికాలంలోనైనా ఉదయం ఒక గంటసేపు వసతిగృహంలో వేడినీరు ఏర్పాటు చేయవలెను. తలకొక లీటరు నీరు క్షౌరానికి చాలును. స్నానాల గది వద్ద, వాడిన బ్లేడులు వేయడానికి మూతగల డబ్బా ఒకటి ఉంచవలెను. చెత్తలో పడిన బ్లేడు తెల్లవారి ఊడ్చేవారి చేతిని కోస్తుంది. వారి చేయి మన ముఖంకంటె చవకైనది కాదు.

విద్యార్థి మిత్రులు చేయవలసినది పది నిమిషాలు ముందుగా లేవడం. సొంత గిన్నె, సొంత బ్రష్షు, సొంత బ్లేడు, కొంచెం వెచ్చని నీరు: ఇందులో విలాసమేమీ లేదు. మన శరీరాన్ని మనం మర్యాదగా చూచుకొనడం, మన చెత్తను ఎత్తేవారిని మరువకుండడం కూడా చదువులో భాగమే.