శనివారం ఎక్కి సోమవారం దిగినవారు



కూతురి ప్రసవానికో కోడలి ప్రసవానికో అమెరికా వెళ్ళే తల్లులు మన సంఘాలలో ఇప్పుడు తక్కువేమీ కాదు. "ఎంత దూరం? ఎన్ని గంటలు?" అని ఇంటివారి ప్రశ్న. టికెట్టు మీది రెండు వేళలనూ తీసివేసి లెక్క కడితే తప్పు వస్తుంది. ఎక్కే వేళను ఆ ఊరి గడియారం ప్రకారం, దిగే వేళను ఈ ఊరి గడియారం ప్రకారం వేస్తారు గనుక.

జరిగిన ప్రయాణమొకటి చూద్దాం. 2021 జనవరి 9, శనివారం రాత్రి 8.30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా విమానం బయలుదేరింది. నడిపినవారు కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతోటి పైలట్లు, అందరూ స్త్రీలే. ఎక్కడా ఆగకుండా వచ్చి బెంగళూరులో దిగేసరికి సోమవారం తెల్లవారుజామున 3 దాటింది. పైకి 30 గంటల పైమాటే! అయితే చలికాలంలో మన గడియారం అక్కడికంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది. వారు బయలుదేరినప్పుడు మనకు ఆదివారం ఉదయం 10 గంటలు, మన గుడులలో ఆరాధన వేళ. అక్కడ నుండి లెక్కిస్తే ప్రయాణం 17 గంటలే. మన ఆదివారంలో మిగిలినదంతా వారికి ఆకాశంలోనే గడిచింది.

దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. బడి గోడ మీది పటం చూస్తే సముద్రం మీదుగా అడ్డంగా రావాలనిపిస్తుంది గాని, ఆ విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. నమ్మకం లేకపోతే పిల్లల గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగండి. దారం తనంతట తానే జరిగి ధ్రువం చెంతకు పోతుంది. రెండు ఊళ్ళూ భూగోళానికి ఇంచుమించు ఎదురు పక్కల ఉన్నాయి మరి.

ఇటునుండి పోయేటప్పుడు ఇంకా వింత. సోమవారం మధ్యాహ్నం 2.30కి బెంగళూరులో ఎక్కి 16 గంటలు ఎగిరినా, చలికాలంలో అక్కడ దిగేసరికి అదే సోమవారం సాయంత్రం 5 గంటలు. షుగరు, బి.పి. ఉన్న పెద్దలకు ఇక్కడే చిక్కు. రాత్రి మాత్ర ఏ రాత్రి వేసుకోవాలి? బయలుదేరక ముందే డాక్టరును అడిగి, వేళలు కాగితం మీద వ్రాయించుకోవాలి. మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడుకావచ్చు. అన్ని గంటలు కదలక కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదమున్నది గనుక మొగమాటపడక లేచి నడవాలి, నీళ్ళు త్రాగాలి.

మనవారు చాలామంది హైదరాబాదు నుండి దుబాయి, దోహా వంటి చోట్ల విమానం మారి వెళ్తారు. ఆగే గంటలు అదనం.

చేరిన తరువాత ఫోను సంగతి. మనం ఉదయం 7కి చేస్తే శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందురోజు సాయంత్రం 5.30. భోజనం ముగించుకొని మధ్యాహ్నం 2కి చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి 12.30, బాలింతను లేపినట్టే. మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు వారు గడియారాన్ని గంట ముందుకు జరుపుకొంటారు. ఆ నెలలలో తేడా పన్నెండున్నర గంటలు.