తూర్పు వాకిలిలో ఒక రోజు

“ముళబాగిలులో పిల్లలకు చూపించడానికి ఏముందండీ?” అని మన సభ్యులు అడుగుతూ ఉంటారు. బెంగళూరు నుంచి చిత్తూరుకో తిరుపతికో పోయే దారిలో ఇక్కడ ఆగి, దోశ తిని, మళ్లీ బండెక్కేవాళ్లే ఎక్కువ. ఉద్యోగరీత్యా కోలారు జిల్లాలో కొన్నేళ్లున్నాను కనుక ఒక ఆదివారానికి లెక్క వేసి ఇస్తున్నాను. ఇందులో పొదుపు చేయవలసింది డబ్బు కంటే ఓపికను!

బెంగళూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. తెల్లవారగానే బయలుదేరి ముందు ఆవణికి వెళ్లండి. వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదనీ, లవకుశులు ఇక్కడే పుట్టారనీ స్థలపురాణం. కొండ కింద నొళంబ రాజుల కాలపు గుళ్లున్నాయి. రామలింగేశ్వరుడు, లక్ష్మణేశ్వరుడు, భరతేశ్వరుడు, శత్రుఘ్నేశ్వరుడు అంటూ అన్నదమ్ములు నలుగురి పేర్లా ఒకే ఆవరణలో శివాలయాలు! ఏది ఎవరిదో పిల్లల్నే కనుక్కోమనండి. కొండమీద సీతమ్మవారి గుడి ఉంది. ఎండ ముదరకముందే పిల్లలు ఎక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద మంటపంలో కూర్చుంటే సరి.

అక్కడి నుంచి ఊళ్లోకి రండి. మూడల అంటే తూర్పు, బాగిలు అంటే వాకిలి. ఆ మాటల నుంచే ముళబాగిలు అయిందంటారు. ఇక్కడి ఆంజనేయస్వామిని అర్జునుడు ప్రతిష్ఠించాడని నమ్మకం. కన్నడిగులు డి.వి.జి. అని పిలుచుకునే కవి డి.వి. గుండప్పగారు 1887లో పుట్టింది ఈ ఊళ్లోనే. దర్శనమయ్యాక దోశ సంగతి చూడవచ్చు. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, కాస్త మందంగా ఉండే నేతి దోశ ఇది. పిల్లలకు ఒకటి చాలు, రెండోది అడిగినా ఆశ్చర్యం లేదు.

సాయంత్రం కురుడుమలెకు వెళ్లండి, పది కిలోమీటర్ల దూరం. ఏకశిలా వినాయకుడు 13 అడుగులకు పైనే ఉంటాడు. చిన్నపిల్లలు తల పూర్తిగా ఎత్తి చూడవలసిందే. పక్కనే సోమేశ్వరాలయం. సగం జక్కనాచారి, సగం ఆయన కొడుకు చెక్కారని కథ చెబుతారు. రెండు వైపుల పనితనంలో తేడా పట్టుకోమంటే పిల్లలు గంటసేపు కదలరు.

“కె.జి.ఎఫ్. చూద్దాం” అని సినిమా చూసిన పిల్లలు పట్టుబడతారు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి, లోపలికి దిగి చూసే వీలు లేదు. అక్కడి బూడిదరంగు దిబ్బలు సయనైడుతో బంగారం తీయగా మిగిలిన రాతిపొడి. వాటిమీద పిల్లల్ని ఆడనివ్వకండి. గనుల కథ మరో సంచికలో చెప్పుకుందాం.

ఇన్ని చెప్పినా, ఈ ఊరికి పిల్లల్ని తీసుకువెళ్లమని నేననే కారణం వేరు. ఇక్కడ దుకాణం మీద బోర్డు కన్నడం, లోపల బేరం తెలుగు. మా అన్నయ్యగారి మనవడు పూలమ్మే అవ్వ తెలుగు విని, “ఈవిడ ఆంధ్రా నుంచి వచ్చిందా?” అని అడిగాడు. “లేదు నాయనా, తరతరాలుగా ఇక్కడే” అంది అవ్వ, వాడికో పువ్వు చేతిలో పెట్టి. ఇంట్లో అమ్మానాన్నలతో తప్ప ఎక్కడా పనికిరాని భాష అనుకుంటున్న పిల్లవాడికి ఆ మాట నేను చేసే నాలుగు బోధల కంటే ఎక్కువ పని చేసింది. ఆ రోజు మంచినీళ్ల సీసా వాడే తెలుగులో అడిగి కొన్నాడు.

కాబట్టి ఒక్క సూచన. ఆ రోజు బేరాలు, దారి అడగడాలు పిల్లలకే వదిలేయండి. మాట తడబడితే మీరు సర్దకండి, ఎదుటివాళ్లే సర్దుతారు. గుళ్లు మధ్యాహ్నం మూస్తారు కనుక వేళలు ముందే కనుక్కోండి. టోపీలు, నీళ్లు మరవకండి. శుభయాత్ర!