మహిమకు గీటురాయి లేదా?

లండనులోని బ్రిటిషు మ్యూజియమునందు భద్రపఱచిన సువర్ణఖండములలో ఒక చిన్న బిళ్ల కలదు. దానికి ఒకవైపున ఱెక్కల సర్పమును ఈటెతో పొడుచుచున్న మైకేలు దేవదూతయు, రెండవవైపున తెరచాపలెత్తిన ఓడయు ముద్రితములై యున్నవి. మెడలో వ్రేలాడదీసికొనుటకు వీలుగా బెజ్జము వేయబడినది. ఇంగ్లీషు నిఘంటుకారుడుగా లోకప్రసిద్ధుడైన సామ్యూల్ జాన్సన్ రెండున్నర యేండ్ల పసివాడై గండమాలతో బాధపడుచుండగా, 1712వ సంవత్సరము మార్చి నెలలో ఆతని తల్లి, రాజస్పర్శతో ఆ రోగము కుదురునను నమ్మకమున, ఆ బిడ్డను లిచ్‌ఫీల్డు నుండి లండనునకు మోసికొనిపోయి ఆన్ రాణిచేత తాకించినప్పుడు మెడలో పడిన బిళ్ల యిదియే. జాన్సన్ దానిని జీవితాంతము ధరించెనని చెప్పుదురు. గండమాల మాత్రము రాణి యాజ్ఞను పాటింపలేదు. శస్త్రచికిత్స చేసిన కత్తిగాట్ల మచ్చలతోను, మందగించిన చూపుతోను ఆ మహాపండితుడు 1784 వఱకు బ్రదికెను.

ఈ బిళ్లకు మూలరూపము ‘ఏంజెల్’ అను బంగారు నాణెము. నాలుగవ ఎడ్వర్డు 1465లో ప్రవేశపెట్టినదాని తూనిక 80 గ్రెయినులు, అనగా మన లెక్కకు ఐదు గ్రాములకు కొంచెము పైన. వెల ఆఱు షిల్లింగుల ఎనిమిది పెన్సులు. బంగారము మన కంసాలులు పదాఱు వన్నె యని మెచ్చుకొనదగిన మేలిమి. ఏడవ హెన్రీ కాలమునుండి, రోగి కంఠమును రాజు స్పృశించి ఈ నాణెమును ఆతని మెడలో వేయు ఆచారము స్థిరపడెను. మొదటి చార్లెసుతో ఏంజెల్ ముద్రణము నిలిచిపోగా, ఆతని కుమారుడు ప్రవాసమునుండి మరలివచ్చి సింహాసన మెక్కిన పిమ్మట, బజారున చెల్లుబడి కాక చికిత్సకు మాత్రమే వినియోగపడు బిళ్లలను ప్రత్యేకముగా కొట్టించెను. తండ్రి శిరస్సు ప్రజల గొడ్డలికి బలియైన రాజవంశమునకు తన హస్తమున దైవశక్తి కలదని చూపుకొనవలసిన యవసరము ఎంత యుండెనో ఊహింపవచ్చును. ఈ రెండవ చార్లెసు తన యేలుబడిలో సుమారు 90,000 మందిని తాకెను. 1684లో రాజశస్త్రవైద్యుని వాకిట రాజస్పర్శకు వలయు చీటీలకై జరిగిన త్రొక్కిసలాటలో కొందఱు మరణించిరని జాన్ ఎవెలిన్ తన దినచర్యలో వ్రాసికొనెను.

ఆ చీటీకి ముందు మఱియొక పత్రము కావలెను. ఈ రోగి ఇంతకుమున్ను రాజస్పర్శ పొందలేదని ఆతని గ్రామపు చర్చి అధికారులు ధ్రువీకరింపవలసియుండెను. ఏలయన, బంగారమునకు ఆశపడి రెండవమాఱు వచ్చువారుండిరి. రోగము కుదిరినదా లేదా యని విచారించుటకు ఇంతటి పకడ్బందీ యేర్పాటెన్నడును జరుగలేదు. బిళ్ల రెండుమాఱులు పోకుండ మాత్రము ఊరూర దస్తావేజులు పుట్టినవి!

ఇంతకాలము ఈ నమ్మకము నిలుచుటకు కారణము రాజుల వంచనయొక్కటియే కాదు, వ్యాధి స్వభావము కూడ. గండమాల యనగా మెడలోని గ్రంథులకు పట్టిన క్షయ. దాని క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో గాని కనుగొనలేదు. అది ఒకప్పుడు ఉబ్బి పగిలి స్రవించును, మఱియొకప్పుడు తనంతట తానే అణగి యేండ్లతరబడి నిద్రించును. తఱచుగా వెంటనే ప్రాణము తీయదు. పోయిన వ్యాధి రాజు ఖాతాలో జమ. పోని వ్యాధి రోగి విశ్వాసలోపము. పోయి మరల వచ్చిన వ్యాధి బిళ్లను అమ్ముకొనిన పాపఫలము. ఓడిపోవుటకు త్రోవయే లేని యిట్టి వాదమునకు గెలుపెట్లు కలిగినను అది గెలుపు కాజాలదు. మూడవ విలియము ఈ తంతును మూఢాచారమని త్రోసిపుచ్చి, బలవంతముమీద ఒకనిని తాకవలసివచ్చినప్పుడు, దేవుడు నీకు మంచి యారోగ్యమును మఱింత తెలివిని ఇచ్చుగాక యని దీవించినాడట. ఆయన తరువాత వచ్చిన ఆన్ రాణి ఆచారమును పునరుద్ధరించెను. మొదటి జార్జి 1714లో రాజ్యమునకు వచ్చి శాశ్వతముగా మాన్పించెను. మాన్పించినందున దేశమున గండమాల పెచ్చుపెరిగెనని ఎవ్వరును నిరూపింపలేదు.

నాకు వింత గొలుపునది మఱియొకటి. అదే రాజ్యమున నాణెములకు ‘పిక్స్’ పరీక్ష యను కఠోర విధానము పదమూడవ శతాబ్దమునుండియు కలదు. టంకశాలనుండి వెలువడు నాణెములలో కొన్నిటిని మచ్చుగా తీసి పెట్టెలో నుంచి, స్వర్ణకారుల జ్యూరీ ప్రమాణము చేసి వానిని తూచి, కరగించి, ప్రామాణిక ఫలకముతో వన్నె పోల్చి చూచును. 1710లో జరిగిన పరీక్షయందు బంగారు నాణెముల వన్నె ప్రమాణమునకు లేశము తక్కువయని తీర్పు వచ్చెను. నాటి టంకశాలాధిపతి సామాన్యుడు కాడు, సర్ ఐజాక్ న్యూటన్. ఆయన ఆ తీర్పునకు తల యొగ్గక, తానే పరీక్షలు సలిపి, నాణెములు సరియైనవే, 1707లో చేయించిన క్రొత్త ఫలకమే కావలసినదానికన్న మేలిమి యని వాదించెను. గురుత్వాకర్షణమును కనుగొన్నవాని మాట యని స్వర్ణకారులు సంకోచింపలేదు. స్వర్ణకారుల తీర్పు గదా యని న్యూటనును వదలలేదు. రెండేండ్లు తిరుగకమునుపే అదే నగరమున జాన్సను మెడలో బిళ్ల పడినది. కొలబద్దకే కొలబద్ద కావలెనని పట్టుపట్టిన ఆ జనులు, తాకబడిన నూఱుగురిలో ఎందఱికి నయమైనది, తాకబడని నూఱుగురిలో ఎందఱికి నయమైనది యను సులభమైన లెక్కను వేయలేదు.

నేటి నాణెసేకర్తలు ఆ స్వర్ణకారులకు వారసులు. ఏంజెలు చేతికి రాగానే గాలిలో తూచి, పిమ్మట నీటిలో వ్రేలాడదీసి తూతురు. మేలిమి బంగారము నీటికన్న పందొమ్మిది రెట్ల బరువు గనుక, ఐదుగ్రాముల నాణెము నీటిలో పావుగ్రాము మాత్రమే తేలికపడవలెను. అచ్చుతో కొట్టిన ముద్రకు, పోతపోసిన నకలుకు గల భేదమును భూతద్దములో చూతురు: పోతలో సూదిమొనవంటి గుంటలును, అంచున అతుకు గీతయు కనబడును. ఇంతమాత్రమున నిశ్చింత లేదు. పందొమ్మిదవ శతాబ్దమున, బంగారముకన్న చౌకయైన ప్లాటినముతో సవరనులు చేసి బంగారు పూత పూసినవారున్నారు. ఇరువదవ శతాబ్దమున బేరూతులో నిజమైన బంగారముతోనే దొంగ సవరనులు తయారైనవి. లోహము సత్యమై ముద్ర అసత్యమైన విచిత్రమది.

ఇంత నేర్చినవారును బెజ్జము దగ్గఱ బోల్తాపడుదురు. చిల్లు పడిన ఏంజెలును చూపి, ఇది రాజు తాకినదని వర్తకుడు చెప్పగానే కన్నులు మూసికొందురు. ఆభరణముగా ధరించుటకును నాణెములకు బెజ్జములు వేయుట పరిపాటి. యుద్ధకాలమున లోహము పొదుపు చేయుటకు 1943లో మన టంకశాలయే నడిమికి చిల్లు పెట్టి వెలువరించిన చిల్లికాణీలను మన తల్లులు పిల్లల మొలత్రాళ్లకు కట్టిరి. చిల్లు చిల్లేగాని, తన్ను ఎవరు, ఎందుకు వేసిరో అది పలుకదు.

కొంతకాలము క్రిందట ఒక రైతు పసుపుబట్టలో చుట్టిన రెండు నాణెములను నాయొద్దకు తెచ్చెను. ఒకటి 1808 నాటి ఇరువది కాసుల రాగినాణెము. ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానికై బర్మింగుహాములోని సోహో టంకశాలలో కొట్టించినది. రెండవదానిపై శ్రీరామపట్టాభిషేకము, వెనుక కంపెనీ పేరు, 1818, ఒక అణా యను అక్షరములు. ఇంటిల్లిపాది పూజించునది రెండవదానినే. ప్రతి శుక్రవారము చింతపండుతో తోమి తోమి దాని మెఱుగు కన్నులు చెదరునట్లు చేసిరి.

“మాస్టారూ, ఇది బియ్యాన్ని లాగుతుందంటున్నారు. పిడుగు పడితే ఇందులోకి ఇరిడియం వస్తుందట గదండీ. కోట్లిస్తామని ఒకాయన అడ్వాన్సు కట్టమన్నాడు,” అనెను.

ఇరిడియమును స్మిత్‌సన్ టెనంట్ 1803లో లండనులో ప్లాటినపు మడ్డినుండి వేఱుచేసెను. పిడుగు రాగిని కరగింపగలదు గాని, ఇరువదితొమ్మిది ప్రోటానుల రాగి పరమాణువును డెబ్బదియేడు ప్రోటానుల ఇరిడియముగా మార్చజాలదు. ఇరిడియమైనను బియ్యమును లాగదు. ఇనుపరజను పట్టించిన గింజలు, చాటుగా దాచిన అయస్కాంతము ఉన్నచో లాగనిదేమున్నది? ఇక ఆ రాముని బిళ్లయందురా, కంపెనీ యేనాడును ఒక అణా నాణెమును వేయలేదు. అణా బిళ్ల బ్రిటిషిండియాలో ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున గాని పుట్టలేదు. దేవుని బొమ్మయే సాక్ష్యమనుకొందమా, మద్రాసు టంకశాల గోపురమును, విష్ణుమూర్తిని ముద్రించి, తెలుగు అక్షరములతోకూడ అర వరహా వెండి నాణెములను నిజముగానే వెలువరించినది. వానిని బియ్యము లాగుమని అడిగినవారు లేరు. ఇరువదికాసులును అపూర్వవస్తువు కాదు. 1809 జనవరిలో ఇంగ్లాండు తీరపు గుడ్విను ఇసుకతిప్పలపై మునిగిన అడ్మిరల్ గార్డెనర్ ఓడలోనే, మద్రాసునకు రావలసిన ఇట్టి నాణెములు 48 టన్నులున్నవి.

ఇదంతయు ఓపికగా చెప్పితిని. అడ్వాన్సు కట్టవలదని గట్టిగా చెప్పితిని. ఆతడు శ్రద్ధగా విని, ఇరువదికాసుల నాణెమును బల్లమీదనే మఱచి, రాముని బిళ్లను మాత్రము కన్నుల కద్దుకొని పసుపుబట్టలో మూటగట్టుకొనెను.

“మీరు చెప్పింది నిజమే అయివుంటుందండి,” అని గుమ్మము దిగుచు, “అయినా ఇంకొకరికి కూడా చూపిస్తాను,” అనెను.