నల్ల ఇసుక వేర్పాటులో అయస్కాంతమే కీలకం
మోనజైట్ లెక్క తేలితేనే తీర ఖనిజ విధానానికి సార్థకత

శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం, విశాఖ సమీపంలోని భీమునిపట్నం తీరాలలో కనిపించే నల్ల ఇసుక ఒకే పదార్థం కాదు. ఇల్మెనైట్, రూటైల్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ రేణువులు మామూలు ఇసుకతో కలగలిసిన మిశ్రమం అది. తూర్పు కనుమలలోని ఖొండలైట్, చార్నొకైట్ శిలలు శిథిలమై నదుల ద్వారా సముద్రం చేరగా, తేలిక రేణువులను అలలు చేటతో చెరిగినట్లు తొలగించి బరువైన వాటిని ఒడ్డున మిగిల్చాయి. అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన డైరెక్టరేట్ అంచనాల ప్రకారం దేశంలో మోనజైట్ నిల్వలు అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ పరిమాణం 35 లక్షల టన్నులకు పైగా ఉన్నది. ఈ సంపద వినియోగం ఈ మిశ్రమాన్ని ఎంత శుద్ధంగా విడదీయగలమన్న దానిపైనే ఆధారపడి ఉన్నది.

వేర్పాటు ఎట్లా జరుగుతుంది?

తొలిదశలో బరువును బట్టి విభజన జరుగుతుంది. మామూలు ఇసుక సాంద్రత 2.65 కాగా ఇల్మెనైట్, జిర్కాన్ సాంద్రత 4.5కు మించి, మోనజైట్ సాంద్రత 5కు దగ్గరగా ఉంటుంది. మెలికలు తిరిగిన స్పైరల్ తొట్లలో నీటితో కలిపి ఇసుకను జారవిడిస్తే బరువు రేణువులు లోపలి అంచుకు, తేలికవి వెలుపలికి చేరుతాయి. ఆ బరువు ఖనిజాలను ఆరబెట్టి అధిక వోల్టేజి యంత్రాలకు పంపుతారు. అక్కడ విద్యుద్వాహకాలైన ఇల్మెనైట్, రూటైల్ ఒకవైపు, వాహకాలు కాని గార్నెట్, మోనజైట్, జిర్కాన్, సిల్లిమనైట్ మరొకవైపు విడిపోతాయి.

బరువులోను, విద్యుత్ గుణంలోను దగ్గరగా ఉన్నవాటిని విడదీసేది అయస్కాంతమే. మాగ్నెటైట్‌ను బలహీనమైన అయస్కాంతం సైతం లాగుతుంది. ఇల్మెనైట్‌కు అంతకన్న తీవ్రమైన క్షేత్రం కావలెను. ఆ తరువాత గార్నెట్, చివరగా మోనజైట్ ఆకర్షణకు లోనవుతాయి. మోనజైట్‌ను పట్టుకొనడానికి సాధారణంగా 1 టెస్లాకు మించిన క్షేత్రం అవసరమవుతుంది. రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్ శుద్ధంగా ఉన్నప్పుడు దాదాపు ఆకర్షణకు లోను కావు. అందుచేత వాహకాలలో ఇల్మెనైట్‌ను రూటైల్ నుంచి, వాహకాలు కానివాటిలో గార్నెట్, మోనజైట్‌లను జిర్కాన్, సిల్లిమనైట్‌ల నుంచి అయస్కాంతం వేరుచేయగలుగుతున్నది.

అయస్కాంతం ఎంత బలమైనదైనా నిర్వహణ సరిగా లేకపోతే ఫలితం ఉండదు. తిరుగుతున్న రోలర్‌పై పడిన రేణువును ఒకవైపు అయస్కాంతం లాగుతూ ఉండగా, భ్రమణ వేగం, గురుత్వాకర్షణ దానిని విసరివేయ యత్నిస్తాయి. ఇసుక పొర మందమైతే ఆకర్షణకు లోనయ్యే రేణువులు సైతం పైపొరలో చిక్కి జారిపోతాయి. తేమ ఉంటే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. కాలక్రమంలో ఇనుమును కోల్పోయిన ఇల్మెనైట్ అయస్కాంత గుణాన్ని సైతం కొంత కోల్పోతుంది. ఈ కారణాల వల్లనే ఒకేసారి కాక, పలు దఫాలుగా వేర్పాటు జరుపుతారు. ఉదాహరణకు ఒక టన్ను మోనజైట్ ఉన్న మిశ్రమం నుంచి తొలి దఫాలో 90 శాతం పట్టుబడితే 100 కిలోలు మిగిలిపోతుంది. అదే సామర్థ్యంతో రెండవ దఫా నడిపితే మిగిలేది 10 కిలోలు మాత్రమే.

మోనజైట్ ఎందుకు ప్రత్యేకం?

మోనజైట్‌లో రేర్ ఎర్త్ మూలకాలతో పాటు థోరియం, స్వల్పంగా యురేనియం ఉంటాయి. అణుశక్తి చట్టం, 1962 కింద దీనిని నియంత్రిత పదార్థంగా ప్రకటించారు. ఇది జిర్కాన్‌లోనో, వ్యర్థ ఇసుకలోనో మిగిలిపోతే విలువైన మూలకాలు చేజారడమే కాక, ఆ నిల్వల వద్ద రేడియోధార్మికత పెరిగి, పనిచేసే కార్మికుల రక్షణ ప్రశ్న తలెత్తుతుంది.

ప్రభుత్వ విధానం సైతం ఈ ఖనిజం చుట్టూనే మారుతూ వచ్చినది. 1998లో తీర ఇసుక ఖనిజాలలో ప్రైవేటు భాగస్వామ్యానికి కేంద్రం అవకాశం కల్పించినది. 2007 జనవరి నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్ నియంత్రిత పదార్థాల జాబితా నుంచి తొలగినవి. 2016 నిబంధనలు మొత్తం బరువు ఖనిజాలలో మోనజైట్ 0.75 శాతాన్ని పరిమితిగా నిర్ణయించి, అంతకు మించిన నిల్వలను ప్రభుత్వ సంస్థలకే కేటాయించినవి. 2018 ఆగస్టులో ఎగుమతులను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. ద్వారానే జరపాలని ఉత్తర్వులు వెలువడినవి. 2019లో ఆ పరిమితిని సున్నాకు తగ్గించడంతో మోనజైట్ ఏ మాత్రం ఉన్నా ఆ నిల్వ ప్రభుత్వ సంస్థల పరిధిలోకే వచ్చినది. తత్ఫలితంగా వేర్పాటులో జరిగే నష్టానికి జవాబుదారీ సైతం ప్రభుత్వ రంగానిదే అయినది.

అయస్కాంతం నుంచి అయస్కాంతానికి

మోనజైట్ నుంచి లభించే నియోడిమియం, ప్రాసియోడిమియం, సమేరియం మూలకాలే శక్తివంతమైన శాశ్వత అయస్కాంతాలకు ముడిపదార్థాలు. విద్యుత్ వాహనాల మోటార్లు, గాలిమరలు, రక్షణ పరికరాలు వీటిపై ఆధారపడి ఉన్నాయి. ఇసుకను వేరుచేసే ఆధునిక రోలర్లలో సైతం నియోడిమియం అయస్కాంతాలనే వాడుతున్నారు. విశాఖపట్నంలో ఐ.ఆర్.ఇ.ఎల్. నెలకొల్పిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే నెలలో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. దాని వార్షిక సామర్థ్యం 3,000 కిలోలు. సమేరియం సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతిపై 2025 ఏప్రిల్‌లో చైనా నియంత్రణలు విధించిన దరిమిలా, అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంగా రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించినది.

మిగిలిన ఖనిజాలకు సైతం తెలుగునాట వినియోగమున్నది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ నుంచి అణు ఇంధన గొట్టాలకు అవసరమైన జిర్కోనియం తయారు చేస్తున్నది.

పరిశీలించవలసిన అంశాలు

ఇసుక తవ్వకం, వేర్పాటు మాత్రమే జరిపి ముడి ఖనిజాన్ని తరలిస్తే తీరానికి దక్కేది స్వల్పం. వేర్పాటు, శుద్ధి, లోహ తయారీ, అయస్కాంత తయారీ అంచెలంచెలుగా రాష్ట్రంలోనే జరిగితే ఉపాధి, ఆదాయం పెరుగుతాయి. మరోవైపు ఇసుక దిబ్బలు తుపాను అలలకు అడ్డుకట్టలు, మత్స్యకారులకు పడవలు, వలలు ఉంచుకొనే తావులు. భీమునిపట్నం సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం. వీటి రక్షణను పక్కనబెట్టి ఖనిజ లాభాన్ని లెక్కించడం సమంజసం కాదు.

కాబట్టి ఏ ప్రాజెక్టు విషయంలోనైనా తవ్విన టన్నుల లెక్కతో సరిపెట్టుకోరాదు. లోపలికి వచ్చిన మోనజైట్ ఎంత, అయస్కాంత దశలో పట్టుబడినది ఎంత, జిర్కాన్‌లోను వ్యర్థ ఇసుకలోను మిగిలినది ఎంత, తవ్విన గోతులను తిరిగి పూడ్చి చెట్లు నాటినది ఎంత అన్న నాలుగు లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోవలెను. ఈ వివరాలను క్రమం తప్పకుండా వెల్లడిస్తే తీరప్రాంత ప్రజలలోని అనుమానాలు తగ్గి, పారదర్శకత పెరుగుతుంది.