అమ్మ గేటు బయట ఎందుకు కూర్చోవాలి?



ఈసారి గోడ పత్రికకు కథ రాద్దామనుకున్నాను. కానీ పోయిన వారం మా సోషల్ క్లాసులో ఒకటి జరిగింది. అప్పటి నుంచి నా మనసు దాని మీదనే ఉంది. అందుకే నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

ఆ రోజు సోషల్ టీచర్ గారు గోడకు రెండు పటాలు తగిలించారు. ఒకటి భారతదేశం, ఇంకొకటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలది. ఒక బొట్టుబిళ్ళల అట్ట ఇచ్చి, "మీ ఇంటివాళ్ళు ఈ రోజు ఎక్కడున్నారో అక్కడ ఒక బిళ్ళ అతికించండి" అన్నారు. మేమంతా నవ్వినం. ఇంటివాళ్ళు ఇంట్లనే ఉంటరు గదా అనుకున్నం.

అతికించినాక చూస్తే నవ్వు పోయింది. వనపర్తి తండాల నుంచి వచ్చిన నలుగురి బిళ్ళలు ముంబైలో, పూణేలో పడ్డాయి. గద్వాల వైపు వాళ్ళ బిళ్ళలు సీడు పత్తి చేన్లల్ల పడ్డాయి. నా వంతు వచ్చింది. మా పెంట పేరు కోసం పటమంతా వెతికిన. అచ్చంపేట ఉంది, అమ్రాబాద్ ఉంది. ఆ కింద అంతా ఆకుపచ్చ రంగే. నల్లమల అడవి అని రాసి ఉంది, అంతే. ఆ ఆకుపచ్చ నడుమ ఎర్ర బిళ్ళ అతికించి వచ్చి కూర్చున్న.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు దాకా ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాలోనివే అని టీచర్ చెప్పారు. మనం కూడా ఒక్క గంజిల బువ్వనే తింటున్నం. కానీ మన అమ్మానాయనలు ఒక్క తావున లేరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన దగ్గర తల్లిదండ్రులు వచ్చి పిల్లలను చూసే రోజు నెలకు ఒక్కటే, రెండో ఆదివారం. ఆ పటం ముందు నిలబడి ఈ నియమం గురించి ఆలోచించండి. ముంబైలో మట్టి పని చేసే నాయన ఒక్క ఆదివారం కోసం రాలేడు. సీడు పత్తిలో సాయంత్రం మొగ్గలోని మగ భాగం తీసేయాలె, తెల్లారి వేరే పువ్వు పుప్పొడి తెచ్చి రుద్దాలె. ఇయ్యాల ఆదివారమని పువ్వు ఆగదు. ఇక మా అమ్మకు అమావాస్య, పున్నమి తెలుసు. తేనె ఎప్పుడు తీయాలో తెలుసు. సంత రోజు తెలుసు. రెండో ఆదివారం మాత్రం తెలియదు.

పోయిన నెల ఒక మంగళవారం మా అమ్మ వచ్చింది. పెంట నుంచి అడవిలో నడిచి, రోడ్డు మీదికి వచ్చి, బస్సెక్కి వచ్చింది. ఈ రోజు కాదు అన్నరు. గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నది. మాకు లెక్కల పీరియడ్ నడుస్తున్నది. కిటికీల నుంచి అమ్మ కనపడుతున్నది, బోర్డు మీది లెక్క నాకు కనపడలేదు. ఎవరో "ఎవరే ఆమె, చెప్పులు కూడ లేవు" అని నవ్వినరు. నేను తల దించుకున్న గానీ మా అమ్మ అని చెప్పలేదు. అది నా తప్పు. అందరి ముందర ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూస్తరు. అందుకని అమ్మ పొద్దు ఉండంగనే లేచి పోయింది. తెచ్చిన తేనె సీసా వాచ్‌మన్ తాతకు ఇచ్చింది. తేనె నాకు అందింది. ఏం చెప్పాలని వచ్చిందో ఆ మాట ఇంకా అందలేదు.

వార్డెన్ మేడమ్ గారిది తప్పని నేను అనడం లేదు. చుట్టమని చెప్పి ఆడపిల్లను తోలుకపోయి పెండ్లి చేసిన సంగతులు మనం వింటనే ఉన్నం. ఆడపిల్లకు 18 ఏండ్లు నిండక ముందు పెండ్లి చేయరాదని 2006 చట్టం ఉంది. కనుక గేటు ఉండాల్సిందే. కానీ గేటు ఆపాల్సింది తెలియని మనిషిని. అమ్మ తెలియని మనిషి కాదు.

ఇంకొక మాట. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏండ్ల పిల్లలకు అని చదివినం. నాకిప్పుడు 14. ఇక మీదట నేను బడి మానితే ఆ చట్టం నన్ను వెతుక్కుంట రాదు. దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాని అక్కలు మనకు తెలుసు. వాళ్ళను మళ్ళ పంపాల్సింది ఇంట్ల అమ్మనే. బడి అంటే గేటు, వేపచెట్టు అని మాత్రమే తెలిసిన అమ్మ ఎందుకు పంపుతది? బిడ్డ కూర్చునే జాగ చూసిన అమ్మ, బిడ్డ నోటుబుక్కు చేతిల పట్టుకున్న అమ్మ పంపుతది.

కనుక నా విన్నపాలు మూడు.

1. అమ్మానాయనల ఫోటోలు, వేలిముద్రలు ఒక రిజిస్టరులో పెట్టండి. ఆ మనిషి వస్తే ఏ రోజైనా, క్లాసులు అయినాక, అరగంట చూడనీయండి.

2. దూరం పోయిన వాళ్ళ పిల్లలకు వారానికి ఒకసారి ఫోన్ మాట్లాడనీయండి.

3. ఏడాదికి రెండుసార్లు అమ్మానాయనలను క్లాసులోకే పిలవండి. పువ్వుల పాఠం గద్వాల అమ్మలు చెప్తరు, వాళ్ళ చేతుల్లనే ఉంది ఆ పాఠం. ఏ గడ్డ తినాలె, ఏది తినొద్దు అనేది మా అమ్మలు చెప్తరు. వలస ఎందుకు పోతరో తండా నాయనలు చెప్తరు.

మిత్రులారా, మీకు కూడ ఒక మాట. గేటు దగ్గర ఎవరి అమ్మ కనపడినా నవ్వకండి. ఉరికిపోయి ఆ పిల్లకు చెప్పండి.

మా పెంటలో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఇంతవరకు లేదు. నేను దాటాలె. దానికి టీచర్లు కావాలె, అమ్మ కూడ కావాలె. ఆ పటాలు ఇంకా మా క్లాసు గోడకే ఉన్నయి. వార్డెన్ మేడమ్ గారు ఒక్కసారి వచ్చి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని